లోపల లినక్స్ ఉన్న హామ్ సెట్: కరెంటు, కార్డు, గడియారం

కొత్తగా హామ్ (సరదాకు నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ తీసుకున్న కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, లోపలే కంప్యూటర్ ఉండే రేడియో సెట్ల గురించి. దేవరకొండలో నాది మోటార్ వైండింగ్ షాపు. పగలు బోరు మోటార్లు, రాత్రి రేడియో. ఈ రకం సెట్లను బల్ల మీద పెట్టి విప్పి, కట్టి, నడిపి చూసిన తర్వాత నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఇందులో రేడియో భాగం మొండిది, కంప్యూటర్ భాగం సున్నితమైనది. కరెంటు, మెమరీ కార్డు, గడియారం, ఈ మూడూ సరిగ్గా ఉంటే సెట్ ఏళ్ల తరబడి నడుస్తుంది. వీటిలో ఏది తేడా వచ్చినా మంచి సెట్ కూడా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. మా ప్రాంతంలో కరెంటు వచ్చీపోయీ ఉండే ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఏ సెట్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. ఐకామ్ 7300 లాంటివాటిలోనూ సిగ్నల్‌ను నడిపేది సాఫ్ట్‌వేరే. కానీ దాని లోపలికి మనం పోలేం, ప్రోగ్రామ్ మార్చలేం. నేను చెప్పేది నిజంగానే లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, ఉన్నవాటి గురించి. హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన ఎస్‌బిటెక్స్ అలాంటిదే. అందులో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (దాన్నే ముందుముందు ‘పై బోర్డు’ అంటాను), 7 అంగుళాల టచ్ స్క్రీన్ ఉంటాయి. దాని చిన్న తమ్ముడు జీబిటెక్స్‌లో పై జీరో 2 డబ్ల్యూ ఉంటుంది. చైనా నుంచి వచ్చే షీగు ఎక్స్6100లోనూ లినక్సే. ఆపాచీ ల్యాబ్స్ వాళ్ల ఏఎన్ఏఎన్ జీ2లోనూ పై బోర్డే కూర్చుని ఉంటుంది. నా బల్ల మీద ఉన్నది ఎస్‌బిటెక్స్ కాబట్టి ఉదాహరణలు దాని నుంచే ఇస్తాను. మిగతావాటికీ పద్ధతి అదే.

ఎస్‌బిటెక్స్ లోపల జరిగేది ఇది. యాంటెన్నా నుంచి వచ్చిన దాంట్లో 25 కిలోహెర్ట్జ్ ముక్కను 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్ గుండా లాగి, సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఆడియో కోడెక్ చిప్‌కు ఇస్తారు. అక్కడితో తీగలు, కాయిళ్ల పని అయిపోతుంది. ఆ తర్వాత సైడ్‌బ్యాండ్ (సిగ్నల్‌లో మాట ఉండే ఒక పక్క) వేరు చేయడం, మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) చదవడం, ఎఫ్‌టీ8 (కంప్యూటర్లు పంపుకునే పొట్టి సందేశాల పద్ధతి) డీకోడ్ చేయడం అన్నీ పై బోర్డు చేసే లెక్కలే. ప్రోగ్రామ్ సీ భాషలో ఉంటుంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఈ తెరిచిన తలుపు కోసమే నాకు ఈ సెట్ అంటే ప్రాణం. పాలిటెక్నిక్ పిల్లలకు రేడియో, ప్రోగ్రామింగ్ రెండూ ఒకే డబ్బాలో చూపించగల వస్తువు ఇంకోటి నాకు కనపడలేదు.

లైసెన్స్ సంగతి రెండు ముక్కల్లో. ట్రాన్స్‌మిట్ చేయగల సెట్ కొనేముందే ఏఎస్ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. కింది స్థాయి అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు. దరఖాస్తు కేంద్ర టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉన్న భారతి ప్రసాద్ గారి బృందం ఆ సంస్థదే. మామూలుగా హామ్ పని మీద పోయినవాళ్లు, ఫోన్లు తెగిపోయిన ద్వీపాల నుంచి కబుర్లు చేరవేశారు. సెట్‌ను ఎప్పుడూ నడిచే స్థితిలో ఉంచుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక కరెంటు. సెట్‌కు కావాల్సింది 13.8 వోల్టుల డీసీ. 10 ఆంపియర్ల సప్లయి పెట్టుకుంటే ఊపిరి పీల్చుకోవడానికి చోటు ఉంటుంది. ల్యాప్‌టాప్ చార్జర్లు, సీసీ కెమెరాల అడాప్టర్లు వాడకండి. అవి ఆంపియర్లు ఇస్తామని రాసుకుంటాయి గానీ, వాటి రొద మొత్తం రిసీవర్‌లో వినపడుతుంది. నా సలహా బ్యాటరీ. 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 20 ఆంపియర్ అవర్లది ఉంటే సాయంత్రమంతా హాయిగా మాట్లాడొచ్చు, కరెంటు పోయినా కంప్యూటర్‌కు తెలియదు. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉన్న పెద్ద ట్యూబులర్ బ్యాటరీ నుంచి వైరు లాగుదామనిపిస్తుంది. అది చార్జింగ్‌లో ఉన్నప్పుడు 14.4 వోల్టుల దాకా పోతుంది, పైగా ఇన్వర్టర్ రొదంతా ఆ వైరు మీదుగా సెట్‌లోకి వస్తుంది. విడి బ్యాటరీయే మేలు.

వైరు విషయంలో చాలామంది పిసినారితనం చేస్తారు. బ్యాటరీ 3 మీటర్ల దూరంలో ఉందనుకోండి. పోను రాను 6 మీటర్లు. 1 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్) వైరు వేస్తే, 6 ఆంపియర్లు లాగినప్పుడు 0.6 వోల్టు దారిలోనే పోతుంది. అదే 2.5 ఎస్‌క్యూ వేస్తే పావు వోల్టు పైచిలుకుతో సరిపోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు. 12కు దిగాక మైక్ నొక్కితే అప్పుడు బయటపడుతుంది, పవర్ పడిపోతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 10 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ పెట్టండి, సెట్ దగ్గర కాదు. లగ్గులు క్రింప్ చేసి, చేత్తో లాగి చూడండి. లూజ్ కనెక్షన్ రేడియోకు కరకర మాత్రమే, కంప్యూటర్‌కు మాత్రం అది మెయిన్ ఆపేసినట్టే. తెర మూలన పసుపు రంగు మెరుపు గుర్తు కనిపిస్తే పై బోర్డుకు 5 వోల్టులు సరిగ్గా అందట్లేదని అర్థం. దాన్ని చూసీచూడనట్టు వదలొద్దు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. సెట్‌ను స్విచ్‌తో ఠక్కున ఆపకూడదు. హాలియాలో ఉండే నా దోస్తు ఓ సాయంత్రం ఫోన్ చేశాడు. “అన్నా, ఆన్ చేస్తే తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు పరిగెత్తి ఆగిపోతున్నయి. ఫైనల్స్ పోయినయా?” అన్నాడు. ఫైనల్స్, అంటే యాంటెన్నాకు పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లకు, ఏమీ కాలేదు. రోజూ పడుకునే ముందు ట్యూబ్‌లైట్‌తో పాటు సెట్ సప్లయి కూడా ఒకే బోర్డు మీద ఆపేస్తున్నాడు. ప్రోగ్రామ్ లాగ్ రాసుకుంటున్న క్షణంలో కరెంటు తెగితే కార్డు మీద ఫైళ్ల లెక్క చెడిపోతుంది. కార్డు తీసి లినక్స్ ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫైళ్ల లెక్క సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్ నడిపితే కొన్నిసార్లు బాగుపడుతుంది. అతనిది పడలేదు. కొత్త కార్డులో ఇమేజ్ (కార్డు మొత్తానికి నకలు ఫైలు) రాసి పెడితే ఆ రాత్రే మళ్లీ గాలిలోకి వచ్చాడు.

కాబట్టి ఆపే పద్ధతి ఇలా అలవాటు చేసుకోండి. ముందు రేడియో ప్రోగ్రామ్ మూయండి. మెనూలో షట్‌డౌన్ నొక్కండి, లేదా టెర్మినల్‌లో సుడో పవరాఫ్ కొట్టండి. తెర నల్లబడ్డాక కూడా ఓ పది సెకన్లు ఆగండి. అప్పుడు సప్లయి తీయండి. ఇంట్లో వేరేవాళ్లు స్విచ్‌లు ఆపే అలవాటున్నవాళ్లైతే సెట్ ప్లగ్గు మీద కాగితం అంటించండి. మా ఇంట్లో “నాన్న రేడియో, ముట్టొద్దు” అని మా పాప రాసిన కాగితమే ఉంది, బాగా పనిచేస్తోంది.

కార్డు నకలు తీసుకోవడం తప్పనిసరి. సెట్ వచ్చిన వారంలోనే, ఏదీ మార్చకముందే చేయండి. కార్డు తీసి, కార్డు రీడర్‌లో పెట్టి, మొత్తం ఇమేజ్‌ను కంప్యూటర్‌లోకి చదివి, దాన్ని ఇంకో మంచి కార్డులో రాయండి. సంతలో రెండొందలకు దొరికే పేరు లేని కార్డులు దీనికి పనికిరావు. ఇంకో చిన్న విషయం చాలామందికి తెలియదు. ఎస్‌బిటెక్స్ ఫోల్డర్‌లో డేటా అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో హెచ్‌డబ్ల్యూ సెట్టింగ్స్ ఫైలులో మీ సెట్‌కు మాత్రమే చెందిన కొలతలు, అంటే ఫ్రీక్వెన్సీ సర్దుబాటు, ఒక్కో బ్యాండ్‌కు పవర్ సర్దుబాటు ఉంటాయి. నెట్ నుంచి దించిన కొత్త ఇమేజ్‌లో అవి ఉండవు. ఆ ఫైలు పోతే సెట్ నడుస్తుంది గానీ పవర్, ఫ్రీక్వెన్సీ మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. ఆ ఫైలును, పక్కనే ఉండే యూజర్ సెట్టింగ్స్‌ను, లాగ్‌బుక్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఎక్స్6100 ఉన్నవాళ్లకు ఇక్కడ ఓ సౌకర్యం ఉంది. వేరే ఫర్మ్‌వేర్ ప్రయత్నించాలంటే దాన్ని మైక్రో ఎస్డీ కార్డు నుంచే బూట్ చేయొచ్చు. కార్డు తీసేస్తే పాతది పాతట్టే ఉంటుంది.

గడియారం ఎందుకంత ముఖ్యమంటే, ఎఫ్‌టీ8 వల్ల. 2017లో వచ్చిన ఈ పద్ధతిని తయారుచేసినవాళ్లలో ఒకరైన జో టేలర్ భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన శాస్త్రవేత్త. కాలాన్ని 15 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక ముక్కలో మీరు 12.64 సెకన్లు పంపిస్తే, తర్వాతి ముక్కలో అవతలివాళ్లు పంపుతారు. మీ గడియారం ఒక సెకను లోపు తేడాలో ఉంటే హాయి. రెండు దాటితే వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే బొమ్మ) మీద గీతలు నిండుగా కనిపిస్తూనే ఉంటాయి, డీకోడ్ మాత్రం ఒక్కటీ రాదు. కొత్తవాళ్లు యాంటెన్నా మీద అనుమానపడి డాబా ఎక్కుతారు. ఎక్కక్కర్లేదు, గడియారం చూడండి.

పై 4 బోర్డులో సొంత గడియారం చిప్ లేదు. సెట్‌లో విడిగా ఆర్టీసీ మాడ్యూల్ (గడియారం చిప్ ఉన్న చిన్న బోర్డు) ఉంటే, దానికి కాయిన్ సెల్ ఉందా, వోల్టేజీ ఉందా అని మల్టీమీటర్ పెట్టి చూడండి. ఇంట్లో వైఫై ఉంటే నెట్ నుంచి సమయం తనే సర్దుకుంటుంది. లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి కాసేపు ఉంచితే చాలు. దిండి దాటి నల్లమల వైపు పోతే చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. అక్కడికి సెట్ తీసుకుపోయే ఆలోచన ఉంటే యూఎస్‌బీకి తగిలించే జీపీఎస్ డాంగిల్ పెట్టుకోండి. సమయం ఉపగ్రహాల నుంచే వస్తుంది. లాగ్‌లో మాత్రం ఎప్పుడూ యూటీసీయే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం) రాయాలి. మన సాయంత్రం ఏడున్నర అంటే యూటీసీలో 14:00.

రొద గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పల్లెలో సగం కష్టం ఇదే. వాటర్‌ఫాల్ ఉన్న సెట్‌లో పెద్ద లాభం ఏమిటంటే, రొదను చెవితో కాదు, కంటితో వెతకొచ్చు. సెట్‌ను బ్యాటరీ మీద నడపండి. యాంటెన్నా పెట్టి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర వాటర్‌ఫాల్ చూడండి. ఇంటి మెయిన్ ఆపండి. తెర ఒక్కసారిగా నల్లబడితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ రండి. ఏ స్విచ్ వేసినప్పుడు తెర తెల్లబడిందో ఆ గదిలోకి పోయి ఒక్కో ప్లగ్గు తీయండి. సాధారణంగా దొరికేవి చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లు. నిలబడకుండా అటూ ఇటూ నెమ్మదిగా జరిగే మబ్బులాంటి మచ్చ కనిపిస్తే అది ఏదో ఒక ఎస్ఎంపీఎస్‌ది, అంటే స్విచింగ్ రకం అడాప్టర్‌దే. సన్నగా 100 హెర్ట్జ్ దూరంతో వరసగా గీతలు కనిపిస్తే మెయిన్స్ మీద నడిచే వస్తువుది.

మెయిన్ ఆపినా తెర తెల్లగానే ఉంటే రొద బయటిది. అందరూ బోరు మోటార్ల మీద నింద వేస్తారు. మోటార్లతో రోజంతా గడిపేవాడిగా చెప్తున్నా, మామూలు త్రీఫేజ్ మోటారు నడుస్తున్నప్పుడు రేడియోకు పెద్ద అడ్డం కాదు. స్టార్టర్ పడినప్పుడు ఓ టక్కు, అంతే. సోలార్ పంపులకు పెట్టే డ్రైవ్ డబ్బాలు మాత్రం పగలంతా 40 మీటర్ల బ్యాండ్‌ను (7 మెగాహెర్ట్జ్ దగ్గరిది) కప్పేస్తాయి, పొద్దు గూకగానే ఆగిపోతాయి. ఇంకోటి 11 కేవీ లైను. పిన్ ఇన్సులేటర్ దగ్గర బైండింగ్ లూజైతే, ఎండాకాలంలో రోజంతా చరచరమంటుంది, వాన పడగానే మాయమవుతుంది. వానకు పోయే రొద అంటే లైనుదే అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. స్తంభం నంబర్ రాసుకుని లైన్‌మన్‌కు చెప్పండి. మీరు స్తంభం దగ్గరికి పోయి చేయి పెట్టకండి.

యాంటెన్నాకు మా షాపులో దొరికే సరుకే వాడతాను. సబ్‌మెర్సిబుల్ వైండింగ్ వైరు, 1 మిల్లీమీటర్ రాగి, పైన ప్లాస్టిక్ పొర ఉన్నది. 40 మీటర్ల డైపోల్‌కు (రెండు రెక్కల తీగ యాంటెన్నా) 468ని 7.1 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం దాదాపు 66 అడుగులు, అంటే ఒక్కో రెక్క 33. పొర ఉన్న వైరుకు అంతకంటే కాస్త తక్కువ పడుతుంది, అయినా ముందు 34 కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్‌కు ఎంత కుదిరిందో చెప్పే కొలత) చూస్తూ కొద్దికొద్దిగా కత్తిరించండి. వైండింగ్ రాగి మెత్తనిది, వేలాడి వేలాడి సాగుతుంది. నెల తర్వాత మళ్లీ ఓసారి కొలవండి. చివర్లకు స్తంభాల స్టే వైరుకు కట్టే గుడ్డు ఇన్సులేటర్లు బాగుంటాయి. డాబా మీద జీఐ పైపు నిలబెట్టి మధ్య భాగాన్ని 30 అడుగులు ఎత్తి, రెండు రెక్కలు కిందికి వాలేలా కట్టండి. మా నేల కింద రాయి, గ్రౌండ్ రాడ్ దింపడమే గగనం, అందుకే నేలను నమ్ముకునే నిలువు యాంటెన్నాల కంటే ఇక్కడ డైపోలే నయం. కరెంటు తీగలకు దగ్గరగా, వాటి పైనుంచి గానీ కింద నుంచి గానీ ఏదీ లాగొద్దు.

కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) సెట్‌కు చేరే చోట ఫెరైట్ రింగు మీద పది పన్నెండు చుట్లు చుట్టండి. మామూలు రేడియోకు ఇది ఉంటే మంచిది, ఈ రకం సెట్‌కు ఉండి తీరాలి. కోయాక్స్ పైతొడుగు మీద కరెంటు తిరిగివస్తే టచ్ స్క్రీన్ దానంతట అదే నొక్కుకుంటుంది, మౌస్ గంతులేస్తుంది, కొన్నిసార్లు కీబోర్డు పడిపోతుంది. ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు మాత్రమే ఇలా జరిగితే సాఫ్ట్‌వేర్ తిరగరాయక్కర్లేదు, కోయాక్స్ చూసుకోండి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా తాగేసే రెసిస్టర్) పెట్టి ట్రాన్స్‌మిట్ చేస్తే అంతా బాగుంటే రోగం బయటే ఉందని రుజువు.

వేసవిలో నల్గొండ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పై బోర్డు 80 డిగ్రీలకు చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు డీకోడ్లు ఆలస్యమవుతాయి, ఆడియో తెగుతుంది. దానికి తోడు ఎఫ్‌టీ8లో ట్రాన్స్‌మిటర్ తన వంతు వచ్చినప్పుడల్లా పన్నెండున్నర సెకన్లు నిండుగా నడుస్తుంది, మాట్లాడినట్టు మధ్యలో ఊపిరి ఉండదు. మే నెలలో పవర్ సగానికి తగ్గించండి, హీట్‌సింక్ వెనక చిన్న ఫ్యాన్ పెట్టండి, రేకుల గదిలో సెట్ ఉంచకండి. ఎఫ్‌టీ8కు సగం పవర్ ధారాళంగా సరిపోతుంది.

మిగతావి క్లుప్తంగా. వైఫైకి కలిపేముందు పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే ఇది ట్రాన్స్‌మిటర్ ఉన్న కంప్యూటర్. ఎస్‌బిటెక్స్‌ను అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్ నుంచి కూడా నడపొచ్చు. ఇంకొకరు కూడా నడపగలరు, గుర్తుంచుకోండి. కొత్త వెర్షన్ వచ్చిందని వెంటనే ఎక్కించకండి. నడుస్తున్న కార్డును పక్కన దాచి, రెండో కార్డులో ఎక్కించి చూడండి.

మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలంటే, బ్యాటరీ తగిలించి, బూట్ అయ్యేదాకా ఆగండి. కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే మీ స్టేషన్ పేరు), గ్రిడ్ (మీ చోటును చెప్పే కోడ్) నింపండి, సమయం సరిచూడండి. డమ్మీ లోడ్ మీద ఒకసారి ట్రాన్స్‌మిట్ చేసి పవర్ చూసుకోండి. తర్వాత యాంటెన్నా పెట్టి, పొద్దు గూకే వేళ 7.074 మెగాహెర్ట్జ్‌కు పోయి, ఎఫ్‌టీ8లో ఊరికే వింటూ కూర్చోండి. డీకోడ్లు వరసగా వస్తుంటే సెట్, గడియారం, యాంటెన్నా మూడూ బాగున్నాయని తెలిసినట్టే. 20 మీటర్లకు పోవాలంటే 14.074, కానీ ఈ డైపోల్ అక్కడ సరిగ్గా కుదరదు, దానికి ఇంకో జత రెక్కలు కట్టాలి. ఎవరైనా సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలుస్తుంటే వాళ్ల వరస మీద నొక్కండి, మిగతాది ప్రోగ్రామ్ నడిపిస్తుంది. ఇది కుదిరాక మైక్ పట్టుకోండి, లేదా మోర్స్ కీ. నాకైతే మోర్స్ ఇష్టం. తెర మీద అక్షరాలు పడుతున్నా చెవితోనే రాసుకుంటాను, మీరూ అలా నేర్చుకోండి.

మబ్బు పడితే ఉరుములు మొదలుకాకముందే కోయాక్స్ విప్పి కిటికీ బయటికి వేయండి, సెట్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. దాచిన రెండో కార్డును రెండు మూడు నెలలకోసారి సెట్‌లో పెట్టి బూట్ చేసి చూడండి. మొదటి కార్డు పోయిన రోజున ఇది లేస్తుందో లేదో అలా ముందే చూసుకుంటేనే తెలుస్తుంది.